జానకి పేరున్న నలుగురు

కామారెడ్డిలో నిజామాబాద్ వైపు రైలెక్కితే దారిలో సిర్నాపల్లి స్టేషన్ వస్తుంది. ఆ ఊరు ఒకప్పుడు సంస్థానం. దాన్ని ఏలిన రాణి శీలం జానకీబాయి. నిజాం పాలనలో ఒక మహిళ సంస్థానాన్ని నడిపించడం మాటలు కాదు. నిజామాబాద్ దగ్గరి జానకంపేటకు ఆ పేరు ఆమె వల్లే వచ్చింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా కామారెడ్డి, ఎల్లారెడ్డి, సిర్నాపల్లి అన్నీ నిజామాబాద్ జిల్లావే. అంటే ఆమె కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు ఇంటి మనిషి.

అదే పేరుతో సినిమా లోకంలో ఇద్దరు వెలిగారు. 1950లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘షావుకారు’తో నాయికైన శంకరమంచి జానకికి ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రేపల్లె ప్రాంతంలో పుట్టిన ఎస్. జానకి 1957లో పాడటం మొదలుపెట్టి, ఎన్నో భాషల్లో పాడి, నాలుగుసార్లు జాతీయ అవార్డు గెలిచారు. 2013లో పద్మభూషణ్ ఇస్తే వద్దన్నారు. దక్షిణాది కళాకారులకు న్యాయం జరగడం లేదన్న ఆమె బాధ నిజమైనదే.

నాలుగో జానకి కేరళలోని తలశ్శేరిలో 1897లో పుట్టిన వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్. కోయంబత్తూరులో చెరకు వంగడాలపై పరిశోధించారు. సాగు మొక్కల క్రోమోజోములపై శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి 1945లో ప్రామాణిక గ్రంథం వెలువరించారు.

గాయని, నటి అందరికీ తెలుసు. రాణి గురించి తక్కువమందికి తెలుసు. కామారెడ్డి, ఎల్లారెడ్డి బడుల పిల్లల్ని ఒక్కసారైనా సిర్నాపల్లి గడి దగ్గరికి తీసుకెళ్లి ఆమె కథ చెప్పండి.