కంచెకు ముందు కొలత

ప్రహరీగోడ కట్టించే స్తోమత లేనప్పుడు ఇంటి స్థలానికి రాతి కడీలు, ముళ్లతీగే ఆధారం. అందులోనూ డబ్బు మిగిలేది బేరంలో కంటె కొలతలోనే.

ముందు దస్తావేజులోని హద్దులు చూడండి. గుంట అంటే కర్ణాటకలో 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో ఎకరంలో 25వ వంతు, అంటే సుమారు 1,742. కనుక విస్తీర్ణం చూసి అంచనా వేయక, నాలుగు వైపులా టేపు పట్టి, పక్కింటివారి ఎదుటే హద్దు మేకులు పాతండి. సందేహముంటే సర్వేయరుకిచ్చే రుసుము దండుగ కాదు. హద్దు తప్పిన కంచె పీకి మళ్లీ వేయడం దండుగ. తరాలుగా కలిసివున్న ఇరుగుపొరుగుతో తగవు అంతకన్న పెద్ద నష్టం.

30 × 40 అడుగుల స్థలం చుట్టుకొలత 140 అడుగులు. ముందువైపు ఒక మూలన 10 అడుగుల గేటు పోగా 130. కడీల మధ్య ఎడం 8 అడుగులు మించకుండా పాతితే, గేటువి కలుపుకొని 18 చాలు. నాలుగు వరుసలకు 520 అడుగుల తీగ, ముడులకు మరికొంత. తీగను తూకం మీద అమ్ముతారు గనుక కిలోకు ఎన్ని మీటర్లు వస్తుందో అడగండి. ఆరడుగుల కడీ అడుగున్నర లోతు దిగాలి. కాంక్రీటు మూలలకూ గేటుకూ వేసి, మిగతాచోట్ల రాళ్లూ మట్టీ గట్టిగా దట్టించవచ్చు.

అప్పటికీ చాలకపోతే ఈ ఏడు రెండు వరుసలే లాగి, వానలు పడగానే లోపలివైపు అడ్డసరం కొమ్మలు నాటండి. తమిళంలో దాని పేరు ‘ఆడుతొడా’, అంటే మేక ముట్టనిది. మిగతా తీగ వచ్చే ఏడు చూసుకోవచ్చు. పక్కవారు ఒప్పుకుంటే ఉమ్మడి హద్దు ఖర్చు చెరిసగం పంచుకోండి. ఆ మాట కాగితం మీద పెట్టుకోండి.