అమ్మ అంటించిన బొట్టుబిళ్లలు

మా బాపు ఫోన్ చేస్తే మొదటి మాట ఒక్కటే: "తిన్నవా బిడ్డా?" మూడేళ్ల కింద సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం మాత్రం ఆ మాట రాలేదు. "కండ్లు మసకమసకగ ఉన్నయ్ బిడ్డా. చెమటలు ఆగుతలేవు" అన్నాడు. నేనప్పుడు హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉన్నా. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "పొద్దటి సంది పత్తికి మందు కొట్టిండు. ఎండ దెబ్బ తాకినట్టుంది. జర మజ్జిగ తాగి పంటే తగ్గుతది."

తగ్గలేదు. అరగంటకే వాంతులు మొదలయ్యాయి. నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంది. తమ్ముడు, పక్కింటి కాక కలిసి 108లో వరంగల్ తీసుకుపోయారు. అక్కడ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఏం మందు కొట్టిండు?" ఎవరికీ పేరు తెలియదు. ఊళ్లో ఒక పిల్లాడు చేను ఒడ్డు మీద పడేసిన డబ్బా వెతికి, లేబుల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. దాని మీద ఎర్ర రంగు త్రిభుజం ఉంది.

బాపు ఐదు రోజులకు ఇంటికొచ్చాడు. ఆరో రోజు పురుగుమందుల దుకాణం సేటు పరామర్శకు వచ్చాడు. ఒక చేతిలో పండ్లు, ఇంకో చేతిలో ఖాతా పుస్తకం.

ఆగని బెల్లు

బాపుకు జరిగింది ఏంటో డాక్టర్ నాకు అర్థమయ్యేలా చెప్పారు. మన నరాల నుంచి కండరాలకు కబురు మోసే రసాయనం పేరు ఎసిటైల్‌కోలిన్. కబురు చేరగానే దాన్ని విరిచేయడానికి ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఆ ఎంజైమ్‌నే పనిచేయకుండా చేస్తాయి. కాలింగ్ బెల్ నొక్కిన తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంటే ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా అవుతుంది. అందుకే ఆ చెమటలు, లాలాజలం, చిన్నగా అయిపోయే కంటిపాపలు, కడుపులో మెలికలు. ముదిరితే ఊపిరే అందదు. పురుగు చచ్చేది ఇలాగే. మనిషి నరం, పురుగు నరం వేరని ఆ మందుకు తెలియదు.

ఇంకో సంగతి విని నేను ఉలిక్కిపడ్డా. ఆ మందు తాగనక్కర్లేదు. చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది. తడిసిన చొక్కాతో నాలుగు గంటలు చేన్లో తిరిగితే చాలు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. 2013లో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసిన విషం మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. ఖాళీ డబ్బా కడిగి వాడుకుంటే పోలా అని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

గోడ మీద మనిషి బొమ్మ

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు, మా మండలంలో పనిచేసే ఒక చిన్న పర్యావరణ సంస్థ నుంచి ఇద్దరు అక్కలు వచ్చారు. బడి వరండాలో మీటింగ్ పెట్టారు. పురుగుమందులు చెడ్డవి, మానేయండి అని లెక్చర్ ఇస్తారేమో అనుకుని, ఫోన్ చూసుకుంటూ వెనక కూర్చున్నా.

వాళ్లు లెక్చర్ ఇవ్వలేదు. పెద్ద చార్టు మీద మనిషి బొమ్మ గీసి గోడకు అంటించారు. బొట్టుబిళ్లల ప్యాకెట్లు పంచారు. "మందు కొట్టిన రోజు, ఆ తెల్లారి మీకు ఎక్కడ బాధైతదో అక్కడ ఒక బిళ్ల అంటించండి" అన్నారు. అంతే.

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ లేచారు. తల మీద, కండ్ల మీద, చేతుల మీద, కడుపు మీద ఎర్ర బిళ్లలు. పది నిమిషాల్లో ఆ బొమ్మకు అమ్మవారు పోసినట్టయింది. నవ్వులు ఆగిపోయాయి.

మా అమ్మ నాలుగు బిళ్లలు అంటించింది. అది చూసి నేను ఫోన్ పక్కన పెట్టేశా. అమ్మ ఎప్పుడూ పంపు భుజాన వేసుకోలేదు కదా? సంస్థ అక్క అదే అడిగింది. "నేను కొట్టను, కలుపుత" అంది అమ్మ. నీళ్లు మోసేది, బకెట్‌లో మందు పోసి కట్టెతో తిప్పేది, కట్టె దొరక్కపోతే చేత్తోనే కలిపేది, సాయంత్రం బాపు బట్టలు ఉతికేది... అన్నీ అమ్మే. తలనొప్పి, చేతుల మంట ప్రతి వానాకాలం ఉండేవే అనుకుని ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో బాపు పక్కన ఐదు రోజులు కూర్చున్నా, అమ్మను ఒక్కసారి కూడా నీకెలా ఉందని అడగలేదు నేను.

పునుకుల దారి

"మాకు తెల్వక కొడుతున్నమా? సేటు దగ్గర ఉద్దెర తెచ్చినం. ఆయన ఇచ్చిన మందు కొట్టకపోతే రేపు విత్తనాలకు పైసలు ఎవరిస్తరు?" అని మా కాక అడిగాడు. మీటింగ్ మొత్తంలో అసలు ప్రశ్న అదే.

అప్పుడు వాళ్లు పునుకుల గురించి చెప్పారు. పాత ఖమ్మం జిల్లాలో, పాల్వంచ దగ్గరి చిన్న ఊరు. అక్కడా పత్తే. అక్కడా పురుగుకు మందు పనిచేయక ఇంకా ఎక్కువ కొట్టడం, మందు అమ్మిన వ్యాపారే వడ్డీకి అప్పిచ్చి పంట కూడా కొనుక్కోవడం. 1997-98లో వరంగల్ ప్రాంతంలో వందల మంది పత్తి రైతుల ఉసురు తీసిన చక్రం ఇదే. 1999లో 'సెక్యూర్' అనే స్వచ్ఛంద సంస్థ పునుకులలో పురుగుమందులు లేని సాగు మొదలుపెట్టింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. వాళ్ల చేన్లు చూసి మిగతావాళ్లు కదిలారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, ఎర పంటగా ఆముదం, బంతి, పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు... ఖరీదైనవేం కాదు. మహిళా సంఘాలు వేపగింజలు పొడి పట్టే పనిని తమ చేతుల్లోకి తీసుకున్నాయి. నాలుగైదేళ్లలో ఊరంతా పురుగుమందులు మానేసింది.

2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా, సుస్థిర వ్యవసాయ కేంద్రం లాంటి సంస్థల తోడుతో ఇదే పద్ధతిని జిల్లాలకు తీసుకెళ్లింది. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనబావి ఇంకో అడుగు ముందుకేసి, రసాయన ఎరువులు కూడా మానేసిన ఊరిగా 2006లో పేరు తెచ్చుకుంది.

నాకు అర్థమైంది ఒకటే. ఉద్దెర ముడి విప్పకుండా మందు మానమంటే రైతు వినడు, వినలేడు. కషాయానికి కావాల్సిన వేపగింజలు వాకిట్లో చెట్టు కిందే దొరికినప్పుడు ఆ ముడి కొంచెం వదులవుతుంది.

మా ఒక్క ఎకరం

మాకు మూడెకరాలు. ఎంత చెప్పినా బాపు ఒక్క ఎకరానికే ఒప్పుకున్నాడు. ఐదు కిలోల వేపగింజల పొడి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కొంచెం సబ్బు కలిపి, వంద లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టారు. ఊళ్లో కొందరు నవ్వారు.

ఆగస్టులో లద్దెపురుగు వచ్చింది. ఆకులు జల్లెడ అవుతుంటే బాపు రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని సేటు దుకాణానికి బయలుదేరాడు. అమ్మ సంస్థ అక్కకు ఫోన్ చేసింది. ఆమె బండి మీద వచ్చి, బాపును చేన్లోకి తీసుకుపోయి, చెట్టు చెట్టుకూ ఆకు తిప్పి చూపించింది. పురుగులతో పాటు వాటిని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా ఉన్నాయి. "మందు కొడితే ముందు చచ్చేది ఇవే బాపూ. రెండు రోజులు ఓపిక పట్టు. ఆముదం ఆకుల మీది గుడ్లు ఏరేద్దాం" అంది. బాపు ఆగాడు. ఆ రెండు రోజులు ఆమె కూడా రోజూ వచ్చింది.

ఆ ఎకరంలో దిగుబడి మిగతావాటి కంటే కొంచెం తగ్గింది. అబద్ధం చెప్పను. కానీ దాని మీద పెట్టిన ఖర్చు బాగా తగ్గడంతో చివరికి చేతికి మిగిలింది ఆ ఎకరంలోనే. మరుసటి ఏడు రెండెకరాలు చేశాడు. మూడో ఎకరానికి ఇంకా ధైర్యం చాలట్లేదు. సేటు ఖాతా ఇంకా పూర్తిగా తీరలేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా మందు కొడుతుంటే

డబ్బా మీది త్రిభుజం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు. మోనోక్రోటోఫాస్‌ను నిషేధిస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. పాత డబ్బా ఇంట్లో ఉంటే వాడకండి.

కొత్త డబ్బా తెచ్చిన రోజే లేబుల్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మా డాక్టర్‌కు అక్కరకొచ్చింది ఆ ఫొటోనే.

మందు కొట్టాక కండ్లు మసకబారినా, చెమటలు, వాంతులు వచ్చినా ఎండ దెబ్బ అనుకోవద్దు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి. బలవంతంగా వాంతి చేయించొద్దు. కడిగేవాళ్లు కూడా చేతులకు తొడుగులు వేసుకోవాలి.

మందు కలిపేవాళ్లను, ఆ బట్టలు ఉతికేవాళ్లను కూడా "నీకెలా ఉంది?" అని అడగండి.

పోయిన దసరాకు అదే వరండాలో మళ్లీ బొమ్మ అంటించారు. ఈసారీ బిళ్లలు పడ్డాయి కానీ అంత ఎర్రగా లేదు. అమ్మ ఒక్కటే అంటించింది, మోకాలి మీద. సంస్థ అక్క కంగారుగా చూస్తే అమ్మ నవ్వింది.

"ఇది మందుది కాదు బిడ్డా, ముసలితనంది."