పరికరాల పేర్ల ప్రామాణీకరణ

ఈ భాగం చదివిన తర్వాత మీరు, ఒకే పరికరానికి వేర్వేరు రూపాల్లో ఉన్న పేర్లను సరిపోల్చే విధానాన్ని వివరించగలుగుతారు; ఏ తేడాలను తొలగించవచ్చో, వేటిని తొలగించకూడదో గుర్తించగలుగుతారు.

1. సమస్య

కర్నూలు జిల్లా కోడుమూరు వంటి మెట్ట ప్రాంతంలో బోరుబావి నీరు ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు. అక్కడి గ్రామాల్లో భూగర్భ జలమట్టాన్ని కొలిచే సెన్సార్లు అమర్చారనుకుందాం. కార్యాలయంలోని పట్టికలో ఒక సెన్సార్ పేరు ‘గోరంట్ల-07’. దానిని అమర్చిన సాంకేతిక ఉద్యోగి అందులో ‘గోరంట్ల 7’ అని నమోదు చేశాడు. మనకు రెండూ ఒకటే. కంప్యూటర్ మాత్రం అక్షరానికి అక్షరం పోల్చుతుంది కాబట్టి వాటిని వేరనే అంటుంది.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లకు అవకాశం ఉంది. ఒకే పరికరాన్ని గుర్తించలేకపోవడం ‘తప్పిన జత’. రెండు వేర్వేరు పరికరాలను ఒకటిగా భావించడం ‘తప్పుడు జత’. మొదటి దానిలో పట్టికలో గడి ఖాళీగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. రెండవ దానిలో ఒక ఊరి నీటిమట్టం మరో ఊరి పేరున చేరుతుంది. గడి నిండే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇది ఎక్కువ ప్రమాదకరం.

2. ప్రామాణీకరణ సోపానాలు

అర్థాన్ని మార్చని తేడాలను తొలగించి, పేరుకు ఒకే రూపం ఇవ్వడమే ప్రామాణీకరణ.

అ) యూనికోడ్ రూపం: ‘కైరుప్పల’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా గానీ, రెండు సంకేతాల కలయికగా గానీ నిల్వ చేయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. యూనికోడ్ ప్రామాణిక రూపాల్లో ఏదో ఒకదానికి మారిస్తే ఈ తేడా పోతుంది.

ఆ) కనిపించని అక్షరాలు: పేరు చివరి ఖాళీలను, పొల్లు తర్వాత టైపింగ్‌లో చేరే వెడల్పు లేని గుర్తులను తొలగించాలి.

ఇ) అంకెలు: ‘౦౭’ను ‘07’గా మార్చాలి. యూనికోడ్ ప్రామాణిక రూపాలు ఈ పని చేయవు. దీనికి విడిగా నియమం రాయాలి. ఆ తర్వాత సంఖ్య ముందున్న సున్నాలను తీసివేయవచ్చు.

ఈ) విభజన గుర్తులు: ఖాళీ, అడ్డగీత, కింది గీత వీటన్నిటి స్థానంలో ఒకే అడ్డగీత ఉంచాలి.

ఉ) ఇంగ్లీషు పేర్లయితే పెద్ద అక్షరాలన్నిటినీ చిన్న అక్షరాలుగా మార్చాలి.

3. అతి ప్రామాణీకరణ

విభజన గుర్తులను మార్చే బదులు పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? ‘గోరంట్ల-1-12’, ‘గోరంట్ల-11-2’ రెండూ ‘గోరంట్ల112’ అవుతాయి. రెండు బావులు ఒకటైపోయాయి! అయితే నెట్‌వర్క్ పరికరాల మ్యాక్ చిరునామాలో గుర్తులను నిరభ్యంతరంగా తీసేయవచ్చు. 12-34-56-78-90-12 అని రాసినా, 1234.5678.9012 అని రాసినా అందులో ఎప్పుడూ 12 స్థానాలే ఉంటాయి. అస్పష్టతకు తావు లేదు. కాబట్టి ప్రతి నియమాన్నీ ఈ ప్రశ్నతో పరీక్షించాలి: ‘ఇది రెండు వేర్వేరు పేర్లను ఒకటి చేయగలదా?’

4. పరిమితులు

హంద్రి నదిపై ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అనే పేరు కూడా ఉంది. ఈ రెండు పేర్లను ఏ అక్షర నియమమూ కలపలేదు. మారుపేర్ల పట్టిక కావాలి. దీనికి భిన్నంగా, కోడుమూరు మండలంలో గోరంట్ల ఉంది, శ్రీ సత్యసాయి జిల్లాలోనూ గోరంట్ల ఉంది. వీటిని పేరుతో వేరు చేయలేం. మండలం పేరు గానీ, మారని గుర్తింపు సంఖ్య గానీ జోడించాలి.

5. ఆచరణలో పాటించవలసినవి

అసలు పేరును చెరపకుండా ఉంచి, ప్రామాణిక రూపాన్ని వేరే గడిలో భద్రపరచండి. పట్టికలోని పేరుకూ, వచ్చిన పేరుకూ ఒకే నియమాలు వర్తింపజేయండి. ముందుగా పట్టికలోని పేర్లన్నిటినీ ప్రామాణీకరించి, ఏ రెండైనా ఒకటయ్యాయేమో చూడండి. ఒక పేరుకు రెండు జతలు దొరికితే ప్రోగ్రామ్ ఊహించి ఎంచుకోకూడదు. నిర్ణయాన్ని మనిషికి వదలాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘కోడుమూరు-2-13’, ‘కోడుమూరు 02_13’, ‘కోడుమూరు-21-3’ వీటిలో ఏ రెండు పేర్లు ఒకే పరికరానివి? ఏ నియమం తప్పుగా రాస్తే మూడూ ఒకటవుతాయి?

2. తప్పిన జత కంటే తప్పుడు జత ఎందుకు ప్రమాదకరమో మీ సొంత ఉదాహరణతో వివరించండి.