భూకంపానికి ముందస్తు హెచ్చరిక ఉండదు

మార్టూరు: 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూమి కంపించిన కొన్ని గంటలకు సునామీ అలలు ఆంధ్ర తీరాన్ని తాకాయి. ఆ వ్యవధిలోనే ప్రజలను అప్రమత్తం చేసేందుకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007లో హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. చీరాల తీర గ్రామాలకు అది రక్షణ. తీరానికి ఎడంగా ఉన్న మార్టూరుకు అలల భయం లేకున్నా ప్రకంపనల ముప్పు ఉంది. భూకంపానికి అటువంటి వ్యవధి దొరకదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు వచ్చాయి. అందువల్ల పగుళ్లిచ్చిన గోడలను, అటకలపై బరువులను ముందే సరిచేసుకోవాలి. భూమి కదులుతున్నప్పుడు ఇంట్లోనివారు గట్టి బల్ల కింద తల కాచుకొని, కదలిక ఆగాకే బయటకు రావాలి. గ్రానైట్ యూనిట్లలోని కార్మికులు నిలబెట్టిన రాతి పలకలకు దూరంగా జరగాలి.