అడవిబాటలో నారింజరంగు

అమెరికా ఐక్యరాష్ట్రముల తూర్పుభాగమున అపలాచియన్ పర్వతశ్రేణి వెంబడి సుమారు 3,500 కిలోమీటర్ల పొడవైన కాలిబాట కలదు. అది 14 రాష్ట్రముల గుండా సాగును. వీపున సంచి తగిలించుకొని రోజుల తరబడి ఆ బాటపై నడచువారు అనేకులు. శరదృతువున ఆకులు పండి ఆ కొండలు కనులపండువుగా నుండును. కాని జింకల వేటకు అనుమతి లభించునదియు ఆ కాలముననే. బాటకు ఇరువైపుల నున్న అడవులలో పెక్కుచోట్ల వేట చట్టసమ్మతము. కావున నడచువాడు తాను మనిషినని దూరమునుండియే తెలియజేయవలెను.

ఇందుకు ఏ రంగు తగును? గోధుమ, బూడిద వన్నెలు జింక చర్మమును పోలియుండును. తెలుపు మరింత ప్రమాదకరము. ఆ ప్రాంతపు తెల్లతోక జింక బెదరినప్పుడు తోకను పైకెత్తును. తోక అడుగుభాగము తెల్లగా మెరయును. జేబునుండి తీసిన చేతిరుమాలు వేటగానికి ఆ తోకవలె తోచవచ్చును. ఎరుపును కూడ నమ్మరాదు; వెలుగు తగ్గినకొలది అది నల్లబడినట్లు కనిపించును.

మెరయు నారింజరంగు వీటన్నిటికంటె మేలైనది. మామూలు రంగు తనపై బడిన కాంతిలో కొంతభాగమును మాత్రమే తిరిగి పంపును. ఈ రంగులోని ప్రతిదీప్తి పదార్థము కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను, నీలి, ఆకుపచ్చ కాంతులను గూడ పీల్చుకొని, వాటిని 600 నానోమీటర్ల దాపున నారింజకాంతిగా మార్చి వెలువరించును. అందువలన వస్త్రము లోపలినుండి వెలుగుచున్నట్లు తోచును. మబ్బు పట్టిన పగటివేళ గూడ దాని మెరుపు తగ్గదు. ఇట్టి రంగులను 1930 దశాబ్దమున రాబర్ట్, జోసెఫ్ స్విట్జర్ అను అమెరికన్ సోదరులు రూపొందించిరి. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులు తమ విమానములకు గుర్తు తెలుపుటకై ఈ రంగు వస్త్రములను నేలపై పరచెడివారు.

మరి జింక దీనిని చూచి పారిపోదా? మనిషి కంటిలో రంగులను గుర్తించు శంకుకణములు మూడు రకములు, జింకకు రెండే. ఒకటి నీలమునకు, రెండవది ఆకుపచ్చకు ఎక్కువగా స్పందించును. అందుచే జింకకు నారింజ, ఆకుపచ్చ వన్నెలు ఇంచుమించు ఒకటిగనే కనబడును. మన నల్లమల అడవిలో పెద్దపులి పసిమివన్నె చర్మము పచ్చని పొదలలో దుప్పికి కానరాకుండుటకు కారణమిదియే.

బరువు తగ్గించుకొని నడువగోరువారికి గూడ ఇది భారము కాదు. పలుచని నైలాన్ పైచొక్కా, టోపీ కలిసి కొద్దిపాటి బరువే తూగును. అయితే ఒక మెలకువ అవసరము. వీపుసంచి క్రింద దాగిన చొక్కా వెనుకనుండి కనబడదు. కావున సంచిపై కప్పు వానగుడ్డయే నారింజరంగుదైనచో ఒకే వస్తువు రెండు పనులకు వచ్చును. టోపీ అన్ని దిక్కులకు కనబడును. ఎండకు ప్రతిదీప్తి క్రమముగా క్షీణించును. వెలిసిన వస్త్రమును మార్చవలెను.

ఈ రంగుకును హద్దులు కలవు. పగటివెలుగు లేనిదే ప్రతిదీప్తి లేదు. మసకవెలుతురులో మన శంకుకణములును మందగించును. జింకలు ఎక్కువగా తిరుగునది, వేటగాండ్రు పొంచియుండునది ఆ తెల్లవారుజామున, మునిమాపుననే. అప్పుడు తలదీపము వెలిగించుకొనుట, మాటలాడుచు నడచుట, లేదా ముందుగనే బసకు చేరుట క్షేమకరము. ఎరుపు, ఆకుపచ్చలను వేరుపరుపలేని వర్ణాంధులు వేటగాండ్రలోను ఉండవచ్చును. వారికి నారింజవన్నె స్పష్టముగా తోపకపోయినను దాని మెరుపు కొంతవరకు తోడ్పడును.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అయినను రైలుపట్టాలపై పనిచేయు కార్మికుడు తొడుగు నారింజరంగు చొక్కాలో పనిచేయునది ఈ సూత్రమే. అచ్చట తుపాకికి బదులు రైలింజను ఎదురువచ్చును. ప్రాణము నిలుపునది మాత్రము సకాలమున కంటబడుటయే.