క్రియ చివర కనిపించే హోదా

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజి రోజూ చూస్తుంటాం: "మూర్తి గారు రిపోర్టు పంపారు. సుజాత లెక్కలు సరిచూసింది. అటెండర్ ఫైలు తెచ్చాడు." ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఎవరి స్థాయి ఏమిటో చదివినవాళ్లందరికీ తెలిసిపోయింది. మూర్తి, సుజాత ఒకే హోదాలో ఉన్నవాళ్లే కావచ్చు!

తెలుగు ఏకవచనంలో మగవాడు "వచ్చాడు". ఆడవాళ్లకు విడిగా రూపం లేదు. బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది, సుజాతా వచ్చింది. ఇంట్లో చనువుగా అంటే ఎవరూ నొచ్చుకోరు. పక్కనున్న మూర్తి మాత్రం "వచ్చారు" అయినప్పుడే పేచీ.

ఆ "వచ్చారు"లో ఆడా మగా తేడా లేదు. ఇంగ్లిషువాళ్లు "హీ" అనాలా "షీ" అనాలా తేల్చుకోలేని చోట "దే" వాడుతున్నారు. మనకు ఆ తంటా లేదు. ట్రాన్స్‌జెండర్ సహోద్యోగుల విషయంలో ఇది మరీ పనికొస్తుంది. తమ జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్లదేనని సుప్రీంకోర్టు 2014లో జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసులో తీర్పిచ్చింది. ఉద్యోగంలో వాళ్లపై వివక్ష కూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం చెబుతోంది. అలాంటి సహోద్యోగి పేరు పక్కన "గారు", చివర "వచ్చారు" ఉంటే చాలు, కొత్త వ్యాకరణం అక్కర్లేదు.

ఉద్యోగ ప్రకటనల్లో "అభ్యర్థి అతని/ఆమె ధ్రువపత్రాలతో హాజరు కావాలి" అని రాస్తారు. ఇంగ్లిషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టుంటుంది. "అభ్యర్థులు తమ ధ్రువపత్రాలతో రావాలి" అంటే సరిపోతుంది. ఉత్తరం మొదట్లో "ఆర్యా" బదులు "మేనేజర్ గారికి" అనొచ్చు.

సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో జడ్జీలు, లాయర్ల కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో "హౌస్‌వైఫ్" బదులు "హోమ్‌మేకర్" అనమన్నారు. "కెరీర్ ఉమన్" బదులు ఉత్త "ఉమన్" చాలన్నారు. నాకు నచ్చింది ఈ రెండోదే. "లేడీ ఆఫీసర్"లో మొదటి మాట ఏం పనిచేస్తోంది?

ఒంటి రంగు సంగతీ అంతే. ఆఫీసులో ఇద్దరు శ్రీనులుంటే ఒకరు "నల్ల శ్రీను" అయిపోతారు. "అకౌంట్స్ శ్రీను" అన్నా గుర్తుపడతారు కదా.

ఆడ సహోద్యోగులకు "వచ్చారు" చాలా ఆఫీసుల్లో అలవాటైంది. గదులు ఊడ్చే మనిషికి మాత్రం, వయసులో మేనేజరు కన్నా పెద్దయినా, ఇంకా "నువ్వే". "మీరు" అంటే వెటకారం అనుకుంటారేమోనని కొందరు జంకుతారు. వారం రోజులు అందరూ అంటే ఆ వింత పోతుంది.