గుండెకి రక్తం అందుతోందా? వెలుగుతో కొలత

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. మరి గుండెకి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా గదిలో ఇది అడిగితే "దాని లోపలే ఉంది కదే!" అని నవ్వారు. కానీ లోపలి రక్తం అంత మందం గోడకి ఇంకదు. దానికి వేరే నాళాలున్నాయి. వాటిని కరోనరీ ధమనులు అంటారు. గుండె పైన తీగల్లాగ అల్లుకుని ఉంటాయి. పెద్దవాటి లోపలి వెడల్పు కూడా 3, 4 మిల్లీమీటర్లే.

వాటిలో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకైపోతుంది, గెడ్డలో బండ పడ్డట్టు. అయితే బండ పడిన ప్రతిచోటా నీళ్లు ఆగిపోవు కదా! ఎక్స్‌రే బొమ్మలో ఇరుకు కనబడుతుంది గానీ, అవతలికి రక్తం చాలినంత పోతోందా లేదా అన్నది బొమ్మ చూసి చెప్పడం కష్టం. అందుకే కొలుస్తారు.

ఎలాగంటే, మణికట్టు దగ్గర నాడి చూస్తాం కదా, అక్కడ మత్తు సూది వేసి ఆ ధమనిలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపుతారు. ఛాతీ కొయ్యరు. మనిషి మెలకువగానే ఉంటాడు. గొట్టంలోంచి 0.36 మిల్లీమీటర్ల తీగ ఇరుకు దాటి అవతలికి పోతుంది. ఒక రకం తీగలో గాజు పోగు ఉంటుంది. వెలుగు ఆ పోగులో వంపులు తిరుగుతూ చివరికంటా పోతుంది. చివర పల్చటి పొర ఉంటుంది, డప్పు మీద తోలు లాగ. రక్తం నొక్కితే ఆ పొర వంగుతుంది. అది వంగినదాన్నిబట్టి తిరిగొచ్చే వెలుగు మారుతుంది. యంత్రం ఆ మార్పు చూసి పీడనం చెబుతుంది. సైన్సు మేడం ఇది బోర్డు మీద గీసి చూపారు. కరెంటుతో పనిచేసే తీగలూ ఉన్నాయట, నాకు మాత్రం వెలుగుదే నచ్చింది.

తరవాత చిన్న నాళాలు బాగా తెరుచుకునే మందు ఇచ్చి, ఇరుకు ముందరి పీడనం, అవతలి పీడనం చూస్తారు. ముందర 100, అవతల 70 ఉంటే 0.70. అంటే అడ్డం లేకపోతే పోవలసిన రక్తంలో నూటికి సుమారు 70 వంతులే పోతోందన్నమాట. 0.80 గానీ అంతకు తక్కువ గానీ వస్తే స్టెంటు గురించి ఆలోచిస్తారు. ఎక్కువుంటే మామూలుగా మందులతోనే చూస్తారు.

మా పెదనాన్న ఆసుపత్రి కాగితం ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. అందులో 0.72, 0.87 అని రెండు అంకెలున్నాయి. మొదటి నాళానికి స్టెంటు వేశారు, రెండోది వదిలేశారు. "డబ్బులేనోళ్లమని సగం పని చేసి పంపేశారు" అని పెద్దమ్మ ఏడ్చింది. నేను బొగ్గుతో నేల మీద గెడ్డ గీసి, రెండు బండలు పెట్టి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

వదిలెయ్యడం మంచిదేనా అని మీరూ అడుగుతారు. 2009లో 1005 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. బొమ్మ చూసి స్టెంట్లు వేసినవాళ్లలో ఏడాది లోపల నూటికి 18 మందికి మళ్లీ ఆపదో, ఆపరేషనో వచ్చింది. కొలిచి, అవసరమైన చోటే వేసినవాళ్లలో నూటికి 13 మందికే వచ్చింది. వీళ్లకి పడిన స్టెంట్లు కూడా తక్కువే.

మాత్రలు మాత్రం రోజూ వేసుకోవాలి. పెదనాన్నకి అది బద్ధకం. సెలవులకి వెళ్లినప్పుడు ఖాళీ షీట్లు నేను లెక్కపెడతాను.